ఎగిరే రెజ్లర్‌కు బతుకుదెరువు ఎంతవరకు? నెల్లూరు నుంచి వెళ్లివచ్చిన నా అనుభవం

2025 డిసెంబరు మొదటి వారంలో ముంబయి నుంచి నాకు ఒక ఒప్పంద పత్రం వచ్చింది. ప్రొఫెషనల్ రెజ్లింగ్ ప్రదర్శనలు నిర్వహించే సంస్థ ఒకటి నన్ను షోల లెక్కన పిలిపించుకోవడానికి అంగీకరించింది. జీతం లేదు, నెలనెలా ఇంత అన్న హామీ లేదు, పిలిచిన షోకు మాత్రం డబ్బు ఇస్తారు. ఈ కాగితం చేతికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. పై తాడు మీద నుంచి వెనక్కి పల్టీ కొట్టి దూకే నా వీడియో చూసినప్పటి నుంచి కావలి, కందుకూరు, ఒంగోలు వైపు కుర్రవాళ్లు కొందరు "అన్నా, ఎట్ట చేరాలి, ఎంత వస్తది?" అని అడుగుతున్నారు. వారిలో ఎక్కువమంది నాలాగే పొట్టివాళ్లు, జిమ్నాస్టిక్స్‌లోనో కబడ్డీలోనో ఒళ్లు వంచినవాళ్లు. వారికి ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కంటే జరిగినదంతా వరుసగా రాయడం మేలనిపించింది.

నేను నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో చిన్నప్పటి నుంచి జిమ్నాస్టిక్స్ చేశాను. ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు, బరువు 66 కిలోలు. మా నాయన ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటలు కౌలుకు చేస్తాడు. 2023 సెప్టెంబరు 8న హైదరాబాదులోని గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో అమెరికా రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ల సూపర్‌స్టార్ స్పెక్టకిల్ అనే ప్రదర్శన జరిగినప్పుడు స్నేహితులతో కలిసి వెళ్లాను. చుట్టూ జనం జాన్ సీనా కోసం గొంతు చించుకుంటూ ఉంటే, నేను మాత్రం మనవాళ్ల ఎత్తులు బేరీజు వేసుకుంటూ కూర్చున్నాను. ఆ రాత్రి గుంథర్‌తో తలపడిన శాంకీ ఏడడుగుల మనిషి. ఇండస్ షేర్ అనే జట్టుగా వచ్చిన వీర్, సాంగా ఇద్దరూ ఆరడుగులు బాగా దాటినవాళ్లు. కెనడాలో పుట్టిన జిందర్ మహల్ కూడా అంతే. 2007లో వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయిన గ్రేట్ ఖలీ మొదలుకొని, 2021లో ఏఈడబ్ల్యూ అనే మరో అమెరికా రెజ్లింగ్ సంస్థ తీసుకున్న బాస్కెట్‌బాల్ ఆటగాడు సత్నాం సింగ్ దాకా, విదేశీ కంపెనీలు మన దేశంలో వెతికింది దాదాపుగా భారీకాయుల కోసమే. ఎగిరే తరహాలో ఆడేవాడుగా నాకు గుర్తున్నది 2021 జనవరి 26 నాటి డబ్ల్యూడబ్ల్యూఈ కార్యక్రమంలో ఫిన్ బాలర్ చేతిలో ఓడిన గురు రాజ్ ఒక్కడే.

పొట్టివాళ్లందరూ చూపించే పేరు రే మిస్టీరియో. ఆయనది కూడా అయిదడుగుల ఆరంగుళాలే, డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా జరిపే పెద్ద ప్రదర్శన రెసిల్‌మేనియాలో 2006లో వరల్డ్ హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. ఆయన పద్నాలుగేళ్లకే మెక్సికోలో రింగ్ ఎక్కాడనీ, రెజ్లర్ల కుటుంబంలో పెరిగాడనీ ఈ మాట చెప్పేవాళ్లు చెప్పరు. నేను బయలుదేరేనాటికి ఇంకొక సంగతి కూడా తెలిసిపోయింది. హైదరాబాదు షో ముగిసి రెండు వారాలు తిరగకముందే శాంకీని తీసేశారు, 2024 ఏప్రిల్‌లో జిందర్, వీర్, సాంగాలను కూడా వదిలేశారు. ఇదంతా తెలిసే వెళ్లాను. ఇరవై మూడేళ్ల వయసులో వ్యాయామ విద్య డిగ్రీ చేతిలో ఉంది కాబట్టి, కాళ్లూ చేతులూ సవ్యంగా ఉంటే ఏ బడిలోనైనా వ్యాయామ ఉపాధ్యాయుడిగా బతకవచ్చు అన్న ధైర్యం ఉండేది. కాళ్లూ చేతులూ సవ్యంగా ఉంటే అన్న షరతు ఎంత పెద్దదో అప్పటికి ఆలోచించలేదు.

పంజాబ్‌లోని ఒక శిక్షణ కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో దరఖాస్తు పంపాను. దరఖాస్తు అంటే వాట్సాప్‌లో ఎత్తు, బరువు, ఒక నిమిషం వీడియో, అంతే. నెల రోజులకు పైగా జవాబు లేదు. తరువాత ఒక రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేసి జూన్‌లో వచ్చేయమన్నారు. నెలకు 12,000 రూపాయల ఫీజులో పడక ఉంటుంది, తిండి ఉండదు. మూడు నెలల ఫీజు ముందే కట్టాలి. మా నాయన ఆ లెక్క విని చాలాసేపు మాట్లాడలేదు. "పడేదానికి డబ్బులు కట్టి పోవాల్నా అబ్బయా?" అని మాత్రం అడిగాడు. అయినా జూన్ మొదటి వారంలో నెల్లూరు స్టేషన్‌కు తానే వచ్చి అండమాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించాడు. మూడో రోజున లూధియానాలో దిగేసరికి ఎండ మన రోహిణి కార్తెను మించి ఉంది. ఆ కేంద్రంలో రింగ్ ఒక రేకుల షెడ్డు కింద ఉండేది.

టీవీలో చూసేవారికి రింగ్ మెత్తగా ఊగుతున్నట్టు కనిపిస్తుంది. లోపల ఇనుప దూలాలు, వాటి మీద చెక్క పలకలు, పలకల మీద అంగుళం మందం కూడా లేని ఫోమ్, దాని మీద బిగించి కట్టిన కాన్వాస్ ఉంటాయి. పలకల మధ్య సందు ఎక్కడ ఉందో నెల రోజుల్లో వీపుకే తెలిసిపోతుంది. మొదట నేర్పేది బంప్, అంటే వెల్లకిలా పడటం. గడ్డం రొమ్ముకు ఆనించాలి, పడే క్షణంలో గాలి బయటికి వదలాలి, చేతులు ఒంటికి కొంచెం ఎడంగా చాచి అరచేతులతో కాన్వాస్‌ను చరచాలి, వీపు పై భాగమంతా ఒకేసారి తగలాలి. మోచెయ్యి ముందు తగిలితే ఆ దెబ్బ భుజం దాకా పోతుంది. గడ్డం వదిలితే తల వెనుక భాగం పలకకు కొట్టుకుంటుంది. మొదటి వారమంతా మెడ పట్టుకుపోయి, పళ్లు తోముకోవడానికి కూడా తల ఎత్తలేకపోయాను. పన్నెండేళ్లు జిమ్నాస్టిక్స్ చేసినవాడిని కాబట్టి ఇది తేలికగా వస్తుందనుకున్నారు అక్కడివాళ్లు. కానీ జిమ్నాస్టిక్స్‌లో మాకు నేర్పింది ఎట్లాగైనా కాళ్ల మీద నిలబడాలని. ఇక్కడ కావాలని వీపు మీద పడాలి. ఒళ్లు ఒప్పుకోదు. గాలిలో ఉండగానే కాళ్లు తమంతట తాము నేలను వెతుక్కునేవి, దానితో మడమలు ముందు తగిలి దెబ్బ నడుముకు ఎక్కేది. ఎప్పుడూ పల్టీ కొట్టని హర్యానా కబడ్డీ కుర్రవాడు ఒకడు నాకంటే ముందు బంప్ నేర్చుకున్నాడు.

తాళ్ల సంగతి వేరే చెప్పాలి. డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లు వాడేవి టేపు చుట్టిన అసలు తాళ్లు. మా దగ్గర ఉన్నవి లోపల ఉక్కు తీగ, పైన రబ్బరు గొట్టం, ఆ పైన టేపు. పరుగెత్తుకుంటూ పోయి వీపును తాడుకు కొట్టి తిరిగి రావాలి. రింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు ఇన్ని అంగలని లెక్క ఉంటుంది, ఆ లెక్క తప్పితే ఎదుటివాడిని ఢీకొంటాం. పది రోజులకు కుడి చంక కింద నుంచి వీపు దాకా మూడు వేళ్ల వెడల్పున నల్లగా కమిలిపోయింది. వీడియో కాల్‌లో అది మా అమ్మ కంట పడింది. "ఏందిరా ఆ మచ్చలు, ఎవురన్నా కొట్టారా?" అని ఏడుపు లంకించుకుంది. తాడు కొట్టిందమ్మా అంటే నమ్మలేదు. నెల తరువాత ఆ చోట చర్మం మొద్దుబారింది, ఇప్పటికీ అక్కడ స్పర్శ తక్కువే.

పై తాడు ఎక్కనివ్వడానికి దాదాపు నాలుగు నెలలు పట్టింది. అప్పటిదాకా నేను చేయగలిగినదంతా వాళ్లకు తెలుసు, అయినా చేయనివ్వలేదు. అక్టోబరులో మొదటిసారి మూన్‌సాల్ట్ చేయమన్నారు. మూల స్తంభం మీద జనం వైపు ముఖం పెట్టి నిలబడి, వెనక్కి పల్టీ కొట్టి, కింద పడుకుని ఉన్నవాడి రొమ్ము మీద బోర్లా పడాలి. పల్టీ నాకు నీళ్లు తాగినంత పని. కానీ నా బరువంతా అవతలివాడి మీద పడకూడదు, పడినట్టు మాత్రం కనిపించాలి. నా అరచేతులు, మోకాళ్లు, పాదాల వేళ్లు అతనికి ఇరుపక్కలా రెప్పపాటు ముందుగా కాన్వాస్‌ను తాకి బరువు తీసుకోవాలి. కిందనున్నవాడు చేతులు ఎత్తి నా నడుమును అందుకుని, నేను ఎక్కువ దూరం వస్తే వెనక్కి, తక్కువ వస్తే ముందుకు సర్దాలి. చూసేవారికి దెబ్బ తిన్నట్టు కనిపించే మనిషి నిజానికి పని చేస్తూ ఉంటాడు. మొదటి రోజు నా మోకాలు ఆ హర్యానా కుర్రవాడి పక్కటెముకలకు తగిలింది. అతను లేచి దగ్గుతూనే, ఇంకో గుప్పెడు దూరం తగ్గించు అని చెప్పి మళ్లీ పడుకున్నాడు.

శిక్షకుడు పాతకాలం మనిషి, ఎక్కువ మాట్లాడడు. ఆ రోజు నన్ను పక్కకు పిలిచి, కిందనున్నవాడు పక్కకు దొర్లిపోతే ఏం చేస్తావని అడిగాడు. ఆ ప్రశ్నకు ఒళ్లు జవాబు చెప్పగలిగే దాకా పై తాడు మీద కొత్తది ఏదీ చేయవద్దన్నాడు. జపాన్‌లో హయబుసా అనే గొప్ప రెజ్లర్ 2001 అక్టోబరులో, తాను వందల సార్లు చేసిన మూన్‌సాల్ట్ రకం దూకడంలోనే తాడు మీద కాలు జారి తలకిందులుగా పడి పక్షవాతానికి గురయ్యాడని చెప్పాడు. 2003 రెసిల్‌మేనియాలో బ్రాక్ లెస్నర్ అనే భారీ రెజ్లర్ షూటింగ్ స్టార్ ప్రెస్, అంటే ముందుకు దూకుతూ వెనక్కి పల్టీ కొట్టడం, చేయబోయి అందక నెత్తి మీద పడిన వీడియో నేను చూసిందే. ఆయన చెప్పిన తరువాత దాన్ని మళ్లీ చూస్తే, ఎగిరే ముందు అవతలివాడు ఎంత దూరంలో పడుకున్నాడన్నది కనిపించింది. అంతకుముందు నేను లెస్నర్‌నే చూశాను.

ఈ నెలల్లో ఫీజు కాక అయిన ఖర్చు చెబుతాను. తిండికి నెలకు 7,000 దాటేది. రొట్టెలతో ఒంటికి సరిపోయినా మనసుకు సరిపోక, వారానికి రెండుసార్లు గదిలో అన్నం వండుకునేవాడిని. అమ్మ పార్శిల్లో పంపిన నెల్లూరు బియ్యం కంటే పార్శిల్ ఖర్చే ఎక్కువ. మోకాలి ప్యాడ్లు 1,600. కొలతలిచ్చి కుట్టించిన బూట్లు మీరట్ నుంచి 7,500. అవి రావడానికి ఏడు వారాలు పట్టింది, వచ్చిన జత ఎడమ కాలికి బిగుతు. ఆశ్చర్యం ఏమిటంటే అన్నిటికంటే మన్నిక ఉన్న సామాను నెల్లూరులోనే దొరికింది. స్టోన్‌హౌస్‌పేటలో కబడ్డీ జట్లకు నిక్కర్లు కుట్టే టైలర్ దసరాకు నేను ఇంటికి వచ్చినప్పుడు నాలుగు వైపులా సాగే గుడ్డ తెప్పించి, 900 రూపాయలకు పొడుగు టైట్స్ కుట్టి ఇచ్చాడు. తొడల మధ్య రెండు వరుసల కుట్టు వేసి, వంగి చూపించమని అంగట్లోనే నా చేత గుంజీలు తీయించాడు. అంతకుముందు ఆన్‌లైన్‌లో 2,200 పెట్టి కొన్నది మొదటి పల్టీకే చిరిగిపోయింది.

మొదటి ఆట డిసెంబరు చివరలో హర్యానాలోని ఒక ఊరి మైదానంలో జరిగింది. లారీలో నుంచి దూలాలు, పలకలు, స్తంభాలు దించి రింగ్ బిగించింది మేమే. కొత్తవాళ్లకు అది కూడా పనిలో భాగం. మధ్యాహ్నం మొదలుపెడితే చీకటి పడేదాకా సాగింది. ఈ ఆటలో గెలుపోటములు ముందే నిర్ణయమై ఉంటాయని చదివేవారికి తెలిసే ఉంటుంది. నేను ఎనిమిది నిమిషాలకు ఒక భారీ మనిషి చేతిలో ఓడాలి, మధ్యలో ఒకసారి పై తాడు మీద నుంచి దూకాలి. తెర వెనుక నిలబడి ఉండగా మంచు దిగింది. రింగ్‌లోకి వెళ్లి చూస్తే కాన్వాస్ తడి, తాళ్ల మీద టేపు తడి. చెయ్యి పెడితే జారుతోంది. ఎదుటివాడు సీనియర్. నా చెవి దగ్గరకు వచ్చి పైకి ఎక్కవద్దు, కింది నుంచే కానిద్దామన్నాడు. నేను దూకలేదు. అతను నన్ను రెండు చేతుల మీద ఎత్తి, బియ్యం మూట లారీ మీద నుంచి దించినట్టు కాన్వాస్ మీద వేసినప్పుడు ట్రాక్టర్ల మీద కూర్చున్న జనం లేచి నిలబడ్డారు. నా పొట్టితనం వల్ల ఆ ఎత్తడం ఇంకా పెద్దగా కనిపించింది. ఏడాది పాటు ఎగరడం కోసం తపించినవాడికి మొదటి కేకలు పడినందుకు వచ్చాయి. డబ్బు 1,500, బస్సు ఛార్జీ వేరు.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇటువంటి ఆటలు మరికొన్ని ఆడాను. ఒకచోట 2,000 ఇచ్చారు, ఒకచోట భోజనం పెట్టి రేపు పంపిస్తామన్నారు, ఆ రేపు ఇంకా రాలేదు. మార్చిలో సాధన చేస్తుండగా ఎడమ మోకాలు లోపలి వైపు పట్టేసింది. పెద్ద ప్రమాదం ఏమీ కాదు, పడటం కూడా సరిగ్గానే పడ్డాను. వందల సార్లు అదే మోకాలు అదే కోణంలో బరువు తీసుకున్నందువల్ల వచ్చిందని తరువాత డాక్టరు చెప్పాడు. ఎగిరే తరహా రెజ్లర్లు ఎక్కువమంది మోకాళ్ల దగ్గరే ఆగిపోవడానికి కారణం నాకు అప్పుడు బోధపడింది. రే మిస్టీరియోకు మోకాలి ఆపరేషన్లు ఎన్నిసార్లో జరిగాయి.

నెల్లూరుకు తిరిగివచ్చి పొగతోటలో ఎముకల డాక్టరుకు చూపించాను. ఎంఆర్ఐకి 6,500. లోపలి లిగమెంటు కొంత చిరిగిందనీ, ఆపరేషన్ అక్కరలేదనీ, ఆరు వారాలు బెల్టు, ఆ తరువాత ఫిజియోథెరపీ అనీ చెప్పారు. ఫిజియోథెరపీ ఒక్కో పూటకు 400. అన్నీ కలిపి 30,000 దాటింది. నా పేరు మీద ఒక వ్యక్తిగత ప్రమాద పాలసీ ఉంది. దాని కింద ఏమైనా వస్తుందా అని ఏజెంటును అడిగితే, డబ్బు తీసుకుని ఆడే ప్రమాదకరమైన ఆటల్లో తగిలిన దెబ్బలకు వర్తించదన్న చిన్న అక్షరాల వాక్యాన్ని వేలుపెట్టి చూపించాడు. 1,500 రూపాయలు సంపాదించినా ప్రొఫెషనల్ కిందే లెక్క. ఈ వృత్తిలోకి రావాలనుకునేవారు పాలసీ కాగితాన్ని రైలెక్కక ముందే చదువుకోవాలి, కట్టు కట్టించుకున్న తరువాత కాదు.

ఏప్రిల్ నుంచి జూలై దాకా ఇంట్లోనే ఉన్నాను. మే నెలాఖరు నుంచి తెల్లవారుజామున మైపాడు సముద్రపు ఒడ్డుకు పోయి ఇసుకలో నడక, తరువాత పరుగు, ఆ తరువాత పల్టీలు. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, పొడి ఇసుక మోకాలిని మెలిపెడుతుంది. అలలు వెనక్కి తీసిన కొద్ది సేపు ఆ రెండింటికీ నడుమ ఒక బారెడు మేర సరిగ్గా సరిపోతుంది. వలలు సర్దుకునే జాలర్లు మొదట వింతగా చూసి, తరువాత చూడటం మానేశారు. ఆ నెలల్లోనే డబ్ల్యూడబ్ల్యూఈ కార్యక్రమాలు మన దేశంలో నెట్‌ఫ్లిక్స్‌కు మారాయి, మెక్సికోలోని ఏఏఏ అనే రెజ్లింగ్ సంస్థను డబ్ల్యూడబ్ల్యూఈ తన చేతిలోకి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. ఎగిరే ఆట పుట్టిల్లు మెక్సికో కాబట్టి అక్కడ చిన్న శరీరాలవారికి ఎప్పుడూ చోటు ఉంది. జపాన్‌లో న్యూ జపాన్ సంస్థ 100 కిలోల లోపు వారికి జూనియర్ హెవీవెయిట్ అని వేరే విభాగం నడుపుతోంది. అమెరికాలో మాత్రం డబ్ల్యూడబ్ల్యూఈ 205 పౌండ్ల లోపు వారికోసం 2016లో మొదలుపెట్టిన 205 లైవ్ కార్యక్రమం 2022లో ఆగిపోయింది. 205 పౌండ్లంటే 93 కిలోలు. వాళ్లు చిన్నవాడు అనుకునే మనిషి కూడా నాకంటే 27 కిలోలు ఎక్కువన్న మాట. మోకాలికి ఐస్ పెట్టుకుని ఈ లెక్కలు వేసుకుంటూ ఉండేవాడిని. మన దేశంలో ఉండి ఈ ఆటతోనే బతకడం నాబోటి వాడికి అయ్యే పని కాదనీ, బయటికి పోవాలంటే మెక్సికో, జపాన్ వైపే చూడాలనీ, దానికి ముందు ఇక్కడ రెండు మూడేళ్ల ఆటల రికార్డు, మంచి వీడియోలు ఉండాలనీ తేలింది. పాస్‌పోర్టుకు 1,500 కట్టి దరఖాస్తు చేశాను.

ముంబయి సంస్థ ఎంపిక శిబిరం ప్రకటన జూలైలో వచ్చింది. ఫారం నింపి, వీడియోలు పంపిన అయిదారు వారాలకు పిలుపు వచ్చింది. శిబిరానికి వచ్చే ముందు హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి రక్తపరీక్షలు, ఈసీజీ చేయించుకుని రమ్మన్నారు. ఆటలో చర్మం చిట్లి రక్తం వచ్చే అవకాశం ఉంది కాబట్టి ఆ పరీక్షలు అవసరమే. నెల్లూరు ల్యాబ్‌లో వాటికి 2,800 అయింది. హెచ్ఐవీ పరీక్ష అనగానే అక్కడి అమ్మాయి తల ఎత్తి చూసిన చూపుకు మాత్రం లెక్క కట్టలేను. ఈ లోపల ఆగస్టులో అమెరికా సుంకాల దెబ్బకు రొయ్య ధర పడిపోయింది. మా నాయన గుంట ముందుగానే పట్టించేశాడు. ఆ పరిస్థితిలో ముంబయి ఖర్చు అడగడానికి నోరు రాక, బూట్ల కోసం దాచుకున్న డబ్బు తీశాను. నెల్లూరు నుంచి ముంబయికి పోవాలంటే రేణిగుంట పోయి రైలెక్కడం మేలు. సెప్టెంబరు మూడో వారంలో వెళ్లాను.

మొదటి రోజు రింగ్ ముఖం చూపించలేదు. గుంజీలు, దండాలు, బర్పీలు, మళ్లీ గుంజీలు. చుట్టూ ఉన్నవాళ్లలో జిమ్ కండలవాళ్లు మధ్యాహ్నానికే వాంతులు చేసుకున్నారు. అందులో చాలామంది సాయంత్రం కనిపించలేదు. రెండో రోజు బంప్‌లు, దొర్లడాలు, తాళ్ల పరుగు. తరువాత ఇద్దరిద్దరిని జత చేసి ఆడించారు. నేను మూన్‌సాల్ట్ ఎప్పుడు అడుగుతారా అని ఎదురుచూస్తూ ఉంటే, పై తాడు వద్దని ముందే చెప్పేశారు. పరీక్షించే ముగ్గురిలో ఒకాయన, నీ వీడియోలు చూశాం, ఎగురుతావని తెలుసు, ఎగరని ఏడు నిమిషాలు ఏం చేస్తావో చూపించమన్నాడు. నాకు జత పడినవాడు మొదటిసారి రింగ్ ఎక్కిన బాడీబిల్డర్, వంద కిలోల పైమాట. అతని భయం అతని మణికట్టులోనే తెలుస్తోంది. అతను నన్ను విసరబోయినప్పుడు నేనే దూకి, తేలికగా విసిరినట్టు కనిపించేలా పడ్డాను. అతని చెయ్యి నా మెడ మీద తప్పుగా పడితే దాన్ని కిందికి దించి ఆట సాగించాను. హర్యానా కుర్రవాడు నా కింద పడుకుని చేసిన పని ఇదే కదా అని ఆ మధ్యలో అనిపించింది. ఆట ముగిశాక వాళ్లు కాగితం మీద ఏదో చాలాసేపు రాసుకున్నారు.

మూడో రోజు మైకు. ఒక నిమిషం పాటు ఎదురుగా లేని ప్రత్యర్థిని సవాలు చేయాలి. నా హిందీ పంజాబీ యాసతో కలిసిన నెల్లూరు హిందీ, రెండు వాక్యాలకే ఇంకిపోయింది. మీ భాషలోనే మాట్లాడమన్నారు. నెల్లూరు యాసలో, "ఏందబ్బా, ఏడడుగులుంటే ఏమైద్ది, ఆ ఎత్తు మీద నుంచి పడితే నీకే ఎక్కువ నొప్పి" అంటూ మొదలుపెట్టి వాయించేశాను. అర్థం కాకపోయినా నవ్వారు. ఒకాయన తెలుగు రాష్ట్రాల్లో షోలు పెడితే జనం వస్తారా అని అడిగాడు. హైదరాబాదులో 2023లో స్టేడియం నిండిన సంగతి చెప్పాను. నా పల్టీల గురించి ఆ మూడు రోజుల్లో ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

రెండు వారాల్లో చెబుతామన్నారు. అక్టోబరు అయిపోయింది. నవంబరులో ఒకసారి మెయిల్ పంపితే, పరిశీలనలో ఉందని ఒక వాక్యం వచ్చింది. ఆ రోజుల్లో ఫోన్ మోగితే మా అమ్మ వంటింట్లో నుంచి వచ్చి నిలబడేది. అది ఎప్పుడూ ఫైనాన్స్ వాళ్ల ఫోనో, సిమ్ కంపెనీ ఫోనో అయ్యేది. ఎదురుచూడటం దెబ్బల కంటే కష్టం, ఎందుకంటే సాధన మానలేం, చేస్తే మోకాలు అరుగుతుంది, దేనికోసం అరగదీస్తున్నామో తెలియదు. ఈ మధ్యలో నెల్లూరులో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు జిమ్నాస్టిక్స్ నేర్పే పని దొరికింది, నెలకు 14,000. రింగ్‌లో ఏడాదిన్నరలో వచ్చిన మొత్తం డబ్బు రెండు నెలల ఈ జీతం కంటే తక్కువ.

డిసెంబరులో ఒప్పందం వచ్చాక కావలిలో తెలిసిన ఒక లాయరుగారి చేత చదివించాను. షోకు 4,000, స్లీపర్ ఛార్జీ, వసతి వాళ్లది. నన్ను ఉద్యోగిగా కాక స్వతంత్ర కాంట్రాక్టరుగా రాశారు. అమెరికాలో డబ్ల్యూడబ్ల్యూఈ కూడా తన రెజ్లర్లను అట్లాగే రాస్తుంది కాబట్టి దానికి ఆశ్చర్యపోలేదు. రింగ్‌లో పెట్టే పేరు, వీడియోలు వాళ్ల సొంతం. వివాదం వస్తే ముంబయి కోర్టు. వేరే ఎవరి షోలోనూ ఆడకూడదన్న షరతు చూసి లాయరుగారు కళ్లద్దాలు తీసి, "నెలకు ఎన్ని షోలో రాయకుండా బయట ఆడొద్దంటే ఎట్టయ్యా?" అన్నారు. రెండు మార్పులు అడిగాం. నెలకు కనీసం రెండు షోలు ఇవ్వని పక్షంలో బయట ఆడే వెసులుబాటు ఉండాలి, రింగ్‌లో తగిలిన దెబ్బకు ఆసుపత్రి ఖర్చు వాళ్లు భరించాలి. పది రోజులకు జవాబు వచ్చింది. మొదటిది ఒప్పుకున్నారు. రెండోదానికి ఒక్కో దెబ్బకు 25,000 దాకా ఇస్తామని రాశారు. నా మోకాలి బిల్లుకు అది చాలదు. అయినా ఇంతకుముందు ఆడిన చోట ఎక్కడా ఆ మాటే లేదు కాబట్టి సంతకం పెట్టాను.

వచ్చే ఏడాదికి నేను వేసుకున్న లెక్క ఇది. నెలకు రెండు షోలు పడితే 8,000, బడి జీతం 14,000. శుక్రవారం సాయంత్రం పోయి మంగళవారం ఉదయానికి తిరిగివచ్చేలా బడి కరస్పాండెంటుగారు ఒప్పుకున్నారు, ఆ రోజుల జీతం కోసుకుంటారు. మూన్‌సాల్ట్ షోకు ఒకటి మించి చేయను, సాధనలో పూర్తిగా మానేశాను. బరువు 74 కిలోలకు పెంచాలి. ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేలోపు మెక్సికో గానీ జపాన్ గానీ పిలవకపోతే శిక్షకుడిగా మారతాను. మన కోస్తా జిల్లాల కుర్రవాళ్లు బంప్ నేర్చుకోవడానికి పంజాబ్ దాకా పోతున్నారు కాబట్టి ఆ పనికి ఇక్కడ గిరాకీ ఉంటుందని నా నమ్మకం. మొదటి షో ఫిబ్రవరి రెండో వారంలో అన్నారు. డబ్బు మాత్రం షో అయిన 45 రోజులకు ఖాతాలో పడుతుందని ఒప్పందంలో ఉంది. అందువల్ల రేణిగుంట నుంచి పోయే టికెట్టు ఈసారికి మా నాయన చేతనే కొనిపించాను.